ఎవరు ముందు పలికితే వాళ్ళే సర్వర్: నెట్‌వర్క్ బూట్ చరిత్ర, పిక్సీఫెయిల్, మా ల్యాబ్‌లో ఒక రౌటర్

ఈ ఎపిసోడ్‌ని రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెడుతున్నాను. కాస్త ఓపిక పట్టండి, కంప్యూటర్ దగ్గరికే వస్తున్నాం.

శ్రీకాకుళం రోడ్ అని బోర్డు చూసి దిగిపోయే కొత్తవాళ్ళకి ఒక సంగతి తెలీదు. వాళ్ళు దిగింది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. ఊరు ఇంకా పది పదమూడు కిలోమీటర్లుంటుంది. రాత్రి రెండింటికి దిగారనుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది, చేతిలో అడ్రస్ లేదు. బయటికొచ్చి గట్టిగా అడుగుతారు, "శ్రీకాకుళం ఎవరైనా వెళ్తారా?" అని. "రండి బావూ, ఎక్కండి, ఎక్కడికెళ్ళాలేటి?" అని ఎవరు ముందు పలికితే ఆ ఆటో ఎక్కేస్తారు. మనోళ్ళు మంచోళ్ళే, దించాల్సిన చోటే దించుతారు. కానీ ఆ నిమిషంలో ఆ మనిషి ఎవరో చూసుకోడానికి మీ దగ్గర ఏమీ లేదు. నమ్మడం తప్ప దారి లేదు.

హార్డ్ డిస్క్ లేని కంప్యూటర్, లేదా డిస్క్ ఉన్నా దాన్నుంచి కాకుండా నెట్‌వర్క్ నుంచి లేచే కంప్యూటర్, ఆన్ చెయ్యగానే చేసేది అచ్చంగా ఇదే. దానికి తన పేరు తెలీదు, అడ్రస్ తెలీదు, ఎవర్ని అడగాలో తెలీదు. వైర్‌లోకి ఒక కేక వేస్తుంది: "నేనెవర్ని? నాకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరిస్తారు?" జవాబిచ్చినవాడిని నమ్ముతుంది. దీన్నే నెట్‌వర్క్ బూట్ అంటారు. 2024 జనవరిలో ఈ కేక వేసే కోడ్‌లోనే తొమ్మిది లోపాలు బయటపడ్డాయి. వాటికి పిక్సీఫెయిల్ అని పేరు పెట్టారు. అందులో మొదటిది మెమరీని లీక్ చేసే లోపం. ఇవాళ చెప్పుకోబోయేది ఆ లోపం గురించి, అది అక్కడిదాకా ఎలా వచ్చిందనే నలభై ఏళ్ళ కథ గురించి, దాన్ని కనిపెట్టడం ఎందుకంత కష్టమనే దాని గురించి. మధ్యలో నా తప్పు కూడా ఒకటుంది. అది ముందు చెప్పేస్తాను.

2017 మే 12, శుక్రవారం. వన్నాక్రై. మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. నూటయాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లు ఎర్ర తెరతో ఆగిపోయి, బిట్‌కాయిన్‌లో డబ్బు కట్టమన్నాయి. అదేదో లండన్ ఆసుపత్రుల గొడవ అనుకునేలోపే మన దగ్గర కూడా వార్త వచ్చింది: ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయని. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పద్దెనిమిది పోలీసు యూనిట్లు అని పేపర్లలో వచ్చింది. శ్రీకాకుళం పేరు ప్రపంచ సైబర్ దాడి వార్తలో చూడటం నాకు అదే మొదటిసారి. సిగ్గుపడాలో గర్వపడాలో తెలీలేదు.

అసలు విషయం ఏమిటంటే ఆ లోపానికి మందు అప్పటికే ఉంది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ఎంఎస్17-010 అనే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలల టైముంది. వేసినవాళ్ళు బతికిపోయారు, వెయ్యనివాళ్ళు దొరికిపోయారు. ఇంకో చిన్న సంగతి, దీంతో మళ్ళీ పనుంది: ఆ ప్యాచ్ మూసిన ఆరు లోపాల్లో ఐదు బయటివాడి కోడ్ మన మెషీన్లో నడిచేలా చేసేవి, ఆరోది మెమరీలోని సమాచారాన్ని లీక్ చేసేది.

నేనప్పుడు బీటెక్ మూడో సంవత్సరం అయిపోయిన సెలవుల్లో ఉన్నాను. మా కాలేజీలో కూడా కంగారు పుట్టింది. ల్యాబ్ మెషీన్లన్నీ తుడిచేసి మళ్ళీ విండోస్ వేద్దామన్నారు. ఒక్కోదానికీ పెన్‌డ్రైవ్ పెట్టుకుంటూ పోతే వారం పడుతుంది కాబట్టి, పాత పీసీ ఒకటి సర్వర్‌గా పెట్టి, అన్నింటినీ నెట్‌వర్క్ బూట్ చేసి ఒకేసారి ఇమేజ్ దించాలని ప్లాన్. చేసేది ల్యాబ్ అసిస్టెంట్ అన్న. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం ఆయనది. సాయానికి నేను, ఇంకో స్నేహితుడు.

మొదటి రోజు బ్రహ్మాండంగా నడిచింది. మెషీన్లు వరసగా లేస్తుంటే పెళ్ళిపందిరిలో సీరియల్ బల్బులు వెలిగినట్టుంది. రెండో రోజు సగం మెషీన్లు నల్ల తెర మీద ఒకటే మాట: "పీఎక్స్‌ఈ-ఈ53, నో బూట్ ఫైల్‌నేమ్ రిసీవ్డ్". నాకు అడ్రస్ అయితే దొరికింది గానీ, ఏ ఫైల్ దించుకోవాలో ఎవరూ చెప్పలేదు అని దానర్థం. "ఏటి తమ్ముడూ ఇది, నిన్న పన్జేసినవి ఇయ్యాల పన్జెయ్యవేటి?" అని ఆయన జుట్టు పీక్కున్నాడు. సర్వర్ మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు. కేబుళ్ళు మార్చాడు. బయటినుంచి వచ్చిన వెండర్ కుర్రాడు ఒక్కసారి చూసి "సెట్టింగ్స్ తప్పు చేశారు సార్" అని తేల్చేశాడు. ఆయనకి మెమో ఇచ్చారు.

మూడో రోజు నేను ఒక మెషీన్లో ఐపీకాన్ఫిగ్ కొట్టి చూశాను. మా ల్యాబ్ అడ్రస్‌లన్నీ 10తో మొదలవుతాయి. అక్కడ కనిపించింది 192.168.0.1. ఆ నంబర్ ఎక్కడిదో నాకు వెంటనే తెలిసిపోయింది. ల్యాబ్ లోపల ఫోన్ సిగ్నల్ రాదని, మొదటి రోజు సాయంత్రం హాస్టల్‌నుంచి నా వైఫై రౌటర్ తెచ్చి టేబుల్ వెనక స్విచ్‌కి పెట్టింది నేనే. అందులోనూ వ్యాన్ పోర్టులో పెట్టాల్సిన కేబుల్ ల్యాన్ పోర్టులో పెట్టాను. దాంతో నా రౌటర్ ల్యాబ్ మొత్తానికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టింది. మా సర్వర్ ముసలిది, ముప్పై మెషీన్లు ఒకేసారి అడిగితే జవాబు చెప్పడానికి తడుముకునేది. నా రౌటర్ చురుకైనది, వెంటనే పలికేది. పలికి, అడ్రస్ ఇచ్చి, బూట్ ఫైల్ సంగతి అడిగితే నోరెళ్ళబెట్టేది.

ఎవరూ చూడకుండా రౌటర్ పీకేశాను. "దానంతటదే సెట్ అయిపోయింది అన్నా" అన్నాను. మెమో మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ ఒక్క మూడు రోజుల్లో నెట్‌వర్క్ బూట్ చరిత్ర మొత్తం ఉందని నాకు ఉద్యోగంలో చేరాక అర్థమైంది. ఇప్పుడా చరిత్ర చూద్దాం.

1980ల్లో డిస్క్ అంటే ఖరీదు. స్టాన్‌ఫర్డ్ లాంటి యూనివర్సిటీల్లో, సన్ లాంటి కంపెనీల్లో ఒక ఆలోచన వచ్చింది: ప్రతి టేబుల్ మీదా డిస్క్ ఎందుకు, ఒక గదిలో పెద్ద డిస్క్ పెట్టి మిగతావాళ్ళు వైర్‌లో తెచ్చుకుంటే పోలా? ఈ లెక్క మనకేం కొత్త కాదు. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల ప్రభుత్వ హైస్కూళ్ళకి కంప్యూటర్ ల్యాబ్‌లు వచ్చినప్పుడు, ఒక సీపీయూకి చిన్న డబ్బాలు తగిలించి దాన్నే పలువురికి పంచిన పద్ధతి మీలో కొందరికి గుర్తుండొచ్చు. అది నెట్‌వర్క్ బూట్ కాదు, కానీ పుట్టిన కారణం ఒకటే. డబ్బుల్లేవు, పిల్లలెక్కువ.

డిస్క్ లేని మెషీన్ లేవాలంటే మొదట దానికి తన అడ్రస్ తెలియాలి. 1984లో ఆర్‌ఏఆర్‌పీ అనే పద్ధతి వచ్చింది. అది అడ్రస్ చెప్తుంది, అంతే. 1985 సెప్టెంబర్‌లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ కలిసి ఆర్‌ఎఫ్‌సీ 951 రాశారు. అదే బూట్‌పీ. అడ్రస్‌తో పాటు "ఫలానా సర్వర్లో ఫలానా ఫైల్ తెచ్చుకో" అని కూడా చెప్తుంది. ఆ ఫైల్ తెచ్చుకోడానికి టీఎఫ్‌టీపీ అప్పటికే ఉంది, 1981లో ఆర్‌ఎఫ్‌సీ 783గా వచ్చింది. ఇందులో టీ అంటే ట్రివియల్, అంటే అతి చిన్నది. ఎందుకంత చిన్నదంటే అది రామ్‌లో కాదు, రోమ్ చిప్‌లో ఇమడాలి. యూజర్‌నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. ఇది మరిచిపోయి వదిలెయ్యలేదు. తెలిసే వదిలేశారు. ఆ చిప్‌లో చోటు లేదు. పైగా ఆ నెట్‌వర్క్‌లో ఉన్నదంతా ఒకే డిపార్ట్‌మెంట్ వాళ్ళు, ఒకరి మొహం ఒకరికి తెలుసు.

తర్వాత బూట్‌పీ పెరిగి డీహెచ్‌సీపీ అయింది. మీ ఫోన్ ఏ వైఫైకి కనెక్ట్ అయినా ముందు మాట్లాడేది ఈ భాషే. 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2131లో సెక్యూరిటీ గురించి ఒక చిన్న భాగం ఉంది, వీలైతే చదవండి. రాసినవాళ్ళే ఒప్పుకున్నారు, ఇప్పుడున్న రూపంలో ఇది అంత భద్రమైనది కాదని, దొంగ సర్వర్ పెట్టడం తేలికేనని. అంటే నా హాస్టల్ రౌటర్ గురించి వాళ్ళకి ఇరవై ఏళ్ళ ముందే తెలుసు!

1990ల చివర్లో ఇంటెల్ రంగంలోకి దిగింది. ఒక్కో నెట్‌వర్క్ కార్డు కంపెనీకి ఒక్కో బూట్ రోమ్ ఉండటం తలనొప్పి కాబట్టి, అందరికీ ఒకటే పద్ధతి అని పీఎక్స్‌ఈ తెచ్చింది. పిక్సీ అని పలుకుతారు. 1999 సెప్టెంబర్ నాటి 2.1 వెర్షన్ స్పెసిఫికేషనే చాలా ఏళ్ళు రాజ్యం ఏలింది. అందులో కొత్తగా ఏం కనిపెట్టారంటే పెద్దగా ఏం లేదు. డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండింటినీ కట్టగట్టి మదర్‌బోర్డులో పెట్టారు. పాత నమ్మకం కూడా అదే కట్టలో వచ్చేసింది.

ఇక్కడ కథలో ఒక మలుపు. అప్పటిదాకా బయోస్ అంటే చిన్న ప్రోగ్రామ్. యూఈఎఫ్ఐ వచ్చాక అది చిన్నపాటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిపోయింది. దాని ఓపెన్ సోర్స్ రూపాన్ని ఇంటెల్ 2004లో టియానోకోర్ పేరుతో బయటపెట్టింది. ఇప్పుడు మనం వాడే కోడ్‌ని ఈడీకే2 అంటారు. ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్ లాంటి ఫర్మ్‌వేర్ కంపెనీలు దీన్ని పునాదిగా పెట్టుకుంటాయి. వాళ్ళ దగ్గర ల్యాప్‌టాప్, సర్వర్ కంపెనీలు కొంటాయి. మీ చేతిలో స్నాప్‌డ్రాగన్ ఫోన్ ఉంటే, దాని బూట్‌లోడర్‌లో కూడా చాలావరకు ఈడీకే2 వంశమే ఉంటుంది. కంగారు పడకండి, ఫోన్ నెట్‌వర్క్ బూట్ చెయ్యదు, ఇవాళ చెప్పే లోపం దానికి అంటదు. ఒకే కోడ్ ఎంత దూరం ప్రయాణిస్తుందో చూడమని చెప్తున్నాను, అంతే.

ఈ ఈడీకే2 లోపల నెట్‌వర్క్ ప్యాకేజీ అని ఒక భాగం. ఐపీవీ4, ఐపీవీ6, టీసీపీ, డీఎన్‌ఎస్, హెచ్‌టీటీపీ, అన్నీ ఉన్నాయి. ఒక్కసారి ఆలోచించండి: విండోస్ ఇంకా లేవలేదు, లైనక్స్ లేవలేదు, యాంటీవైరస్ నిద్రలో ఉంది, ఫైర్‌వాల్ నిద్రలో ఉంది, కానీ ఒక పూర్తి నెట్‌వర్క్ స్టాక్ మాత్రం మేలుకుని వైర్‌లోకి కేకలు వేస్తోంది.

క్వార్క్స్‌ల్యాబ్ అనే ఫ్రెంచ్ సెక్యూరిటీ కంపెనీలో ఫ్రాన్సిస్కో ఫాల్కన్, ఇవాన్ ఆర్సే ఈ కోడ్ చదివారు. 2023 ఆగస్టులో సర్ట్ కోఆర్డినేషన్ సెంటర్‌కి చెప్పారు. 2024 జనవరి 16న లోకానికి చెప్పారు. మధ్యలో ఐదు నెలలకు పైగా పట్టింది, తేదీ వెనక్కి జరుగుతూ వచ్చింది. ఆలస్యం ఎందుకంటే నేనిందాక చెప్పిన గొలుసు. టియానోకోర్ సరిచేస్తే చాలదు, ఏఎంఐ తీసుకోవాలి, వాళ్ళ దగ్గర ల్యాప్‌టాప్ కంపెనీ తీసుకోవాలి, వాళ్ళు మీ మోడల్‌కి అప్‌డేట్ చెయ్యాలి, చివరికి మీరు వేసుకోవాలి. ఈ ఆఖరి మెట్టు దగ్గర ఎంతమంది ఆగిపోతారో మనకి 2017 మేలో తెలిసిందే.

తొమ్మిదిలో మొదటిది సీవీఈ-2023-45229. దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే కోడ్‌లో ఇది ఒక్క తీసివేత.

ఐపీవీ6లో మెషీన్ కేక వేస్తే, సర్వర్ "అడ్వర్టైజ్" అనే జవాబు పంపుతుంది. అందులో ఐఏ_ఎన్‌ఏ అనే ఒక డబ్బా ఉంటుంది. డబ్బా మీద పొడవు రాసి ఉంటుంది. లోపల మొదటి 12 బైట్లు మామూలు వివరాలు, ఆ తర్వాత అసలు సరుకు. కోడ్ ఏం చేసిందంటే, మీద రాసిన పొడవులోంచి 12 తీసేసి, మిగిలింది సరుకు పొడవు అనుకుంది. పొడవు 40 అయితే సరుకు 28. బానే ఉంది. కానీ డబ్బా పంపినవాడు పొడవు 4 అని రాస్తే?

4 లోంచి 12 తీస్తే మైనస్ 8. ఆ సంఖ్యని దాచుకోడానికి వాడింది 16 బిట్ల చోటు, అందులో మైనస్‌కి స్థానం లేదు. పాత స్కూటర్ మీటర్ సున్నా దగ్గర ఉన్నప్పుడు ఒక్క అడుగు వెనక్కి తిప్పితే 99999 అవుతుంది చూడండి, అలా. 65536 లోంచి 8 పోతే 65528. అంటే అసలు సరుకే లేని డబ్బాలో అరవై ఐదు వేల బైట్లకి పైగా సరుకుందని మెషీన్ నమ్మింది. ఇక వెతకడం మొదలుపెడుతుంది. ప్యాకెట్ అయిపోయినా ఆగదు. ప్యాకెట్ పక్కన మెమరీలో ఏముందో దాన్ని కూడా ప్యాకెట్‌లో భాగమే అనుకుని చదువుకుంటూ పోతుంది.

మెమరీ లీక్ అంటే కోడింగ్ క్లాసులో చెప్పే అర్థం వేరు, మెమరీ తీసుకుని తిరిగివ్వకపోవడం. ఇక్కడ లీక్ అంటే చదవకూడని చోట చదివి, అక్కడున్నది బయటికి తెలిసిపోవడం. దీనికి పెద్దన్న 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక మెషీన్ "నువ్వున్నావా? ఉంటే ఈ మాట తిరిగి చెప్పు, ఆ మాటలో ఇన్ని అక్షరాలు" అని అడుగుతుంది. చిన్న మాట పంపి పెద్ద సంఖ్య చెప్తే, అవతలి సర్వర్ తన మెమరీలోంచి ఒక్కోసారికి 64 కిలోబైట్ల దాకా కలిపి పంపేసేది. అక్కడా ఇక్కడా తప్పు ఒకటే: ఎదుటివాడు చెప్పిన పొడవుని లెక్క చూసుకోకుండా నమ్మడం.

ఫర్మ్‌వేర్‌లో లీక్ అయితే ఏం పోతుంది, అక్కడ మన ఫోటోలు లేవుగా అంటారు. నిజమే, ఫోటోలు లేవు. కానీ మీ ఫోన్‌లో ఒక యాప్‌కీ ఇంకో యాప్‌కీ మధ్య గోడలుంటాయి. ఫర్మ్‌వేర్ లేచే సమయంలో డ్రైవర్లన్నీ దాదాపు ఒకే హాల్లో, ఒకే అధికారంతో కూర్చుని ఉంటాయి. ఆ హాల్లో ఏది ఎక్కడుందో దొంగకి తెలిస్తే చాలు. మిగతా లోపాలున్నాయిగా. 45230, 45234, 45235 అనే మూడూ బఫర్ ఓవర్‌ఫ్లోలు, అంటే రాయకూడని చోట రాయడం. ఒకటి ఇంటి ప్లాను చూపిస్తుంది, ఇంకోటి గోడకి కన్నం వేస్తుంది. ఆ రెండూ కలిస్తే విండోస్ కన్నా ముందే ఎవరి కోడో నడుస్తుంది. మిగిలినవాటిలో 45231 కూడా హద్దు దాటి చదవడమే, రెండు మెషీన్‌ని అనంతమైన లూప్‌లో తిప్పేవి, చివరి రెండు ఊహించదగ్గ రాండమ్ నంబర్ల గురించి. అవి వేరే ఎపిసోడ్ సరుకు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇది ఇంటర్నెట్‌లో ఎక్కడో కూర్చున్నవాడు చెయ్యగలిగేది కాదు. అదే లోకల్ నెట్‌వర్క్‌లో ఉండాలి, మెషీన్ ఐపీవీ6 మీద నెట్‌వర్క్ బూట్ చేస్తుండాలి. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ డిస్క్‌నుంచి లేస్తుంటే నిద్ర పాడుచేసుకోవద్దు. భయం ఎవరికంటే డేటా సెంటర్లకి, పెద్ద కాలేజీ ల్యాబ్‌లకి, వందల మెషీన్లు ఒకే స్విచ్ కింద ఉండే చోట్లకి. "లోకల్ నెట్‌వర్క్‌లోకి బయటివాడెలా వస్తాడు సార్" అని నన్నొకరు అడిగారు. నేను వచ్చాను కదా! టేబుల్ కింద వంగి ఒక కేబుల్ పెట్టాను, మూడు రోజులు ఎవరికీ తెలీలేదు.

ఇప్పుడు కనిపెట్టడం సంగతి. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇదే.

వన్నాక్రై లోపం మీ మెషీన్లో ఉందో లేదో దూరంనుంచే తెలుసుకోవచ్చు. స్కానర్ ఒక ప్రశ్న పంపుతుంది. ప్యాచ్ వెయ్యని విండోస్ "నా దగ్గర వనరుల్లేవు" అనే రకం ఎర్రర్ ఇస్తుంది, ప్యాచ్ వేసింది ఇంకో రకం ఎర్రర్ ఇస్తుంది. ఆ జవాబులో తేడాని బట్టి దెబ్బ కొట్టకుండానే రోగం పట్టుకోవచ్చు. ఒక కుర్రాడు సాయంత్రం కూర్చుని జిల్లా ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం స్కాన్ చేసెయ్యొచ్చు.

పిక్సీఫెయిల్‌కి ఆ సౌకర్యం లేదు. ఎందుకంటే ఆ నెట్‌వర్క్ స్టాక్ బతికుండేది మెషీన్ లేచే ఆ కొద్ది సెకన్లే. విండోస్ రాగానే అది పక్కకి తప్పుకుంటుంది. మీరు ప్రశ్న అడుగుదామని వెళ్ళేసరికి జవాబు చెప్పాల్సినవాడు అక్కడుండడు. పైగా అది క్లయింట్. అదే అడుగుతుంది, మనం అడగటానికి కుదరదు. పరీక్షించాలంటే మనమే సర్వర్ వేషం వేసుకుని, మెషీన్ రీస్టార్ట్ అయ్యేదాకా కాచుకుని, అది కేక వేసినప్పుడు తప్పుడు డబ్బా ఇచ్చి చూడాలి. క్వార్క్స్‌ల్యాబ్ మొదటి ఏడు లోపాలకి అలాంటి పరీక్ష కోడ్ ఇచ్చింది. దాన్ని నడుస్తున్న ఆఫీసులో వాడమని నేను చెప్పను. లేవాల్సిన సర్వర్ లేవకపోతే మెమో మీకొస్తుంది.

కాబట్టి మిగిలిన దారులు మూడు, ఏదీ సంపూర్ణం కాదు.

అన్నిటికన్నా సులువైనది వెర్షన్ చూడటం. విండోస్‌లో ఎంఎస్ఇన్ఫో32 అని కొడితే బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. లైనక్స్‌లో డీఎంఐడీకోడ్. ఆ వెర్షన్ పట్టుకుని మీ కంపెనీ సైట్లో పిక్సీఫెయిల్ గురించి ఏం రాశారో చూసుకోవాలి. చిక్కేమిటంటే, 2024 తేదీ ఉన్నంత మాత్రాన ప్యాచ్ ఉన్నట్టు కాదు. మదర్‌బోర్డు కంపెనీ పాత ఈడీకే2 మీదే కొత్త తేదీ అచ్చు వేసి ఉండొచ్చు.

రెండోది వైర్ మీద కాపలా. డీహెచ్‌సీపీవీ6 క్లయింట్ 546 పోర్టులో వింటుంది, సర్వర్ 547. ఐఏ_ఎన్‌ఏ డబ్బా కోడ్ 3. నిజాయితీ ఉన్న ఏ సర్వరూ దాని పొడవు 12 కన్నా తక్కువ రాయదు, రాయలేదు. కాబట్టి 546కి వెళ్ళే ప్యాకెట్లో కోడ్ 3, పొడవు 12 కన్నా తక్కువ కనిపిస్తే అది దాడి, లేదా విరిగిపోయిన సర్వర్. రెండూ మీరు తెలుసుకోవాల్సినవే. అలాగే సర్వర్ ఐడీ 130 బైట్లకి మించకూడదని ప్రమాణం చెప్తోంది, మించితే ఓవర్‌ఫ్లో ప్రయత్నం అనుకోవచ్చు. చాలా లోపాలకి ఇంత శుభ్రమైన గుర్తు దొరకదు. వైర్‌షార్క్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఒక పూటలో ఈ ఫిల్టర్ రాసుకోవచ్చు.

ఇంకా మంచిది, దొంగ సర్వర్‌ని స్విచ్ దగ్గరే ఆపడం. ఐపీవీ4కి డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉంది, ఐపీవీ6కి 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7610 వచ్చింది. "సర్వర్ జవాబులు ఈ ఒక్క పోర్టునుంచే రావాలి, వేరే చోటునుంచి వస్తే పారెయ్" అని స్విచ్‌కి చెప్పడమే. ఆటో స్టాండులో యూనియన్ బోర్డు పెట్టినట్టు. మా ల్యాబ్‌లో అలాంటి స్విచ్ ఉండుంటే నా రౌటర్ మొదటి సెకనులోనే దొరికిపోయేది, ఏ పోర్టో కూడా చెప్పేసేది. మా దగ్గరున్నది చెప్పినమాట వినే రకం స్విచ్ కాదు, అన్నిటినీ కలిపే డబ్బా మాత్రమే.

మూడోది రాసేవాళ్ళ దగ్గర పట్టుకోవడం. 2012 ప్రాంతంలో గూగుల్‌లో అడ్రస్‌శానిటైజర్ అనే పనిముట్టు తయారుచేశారు. ప్రోగ్రామ్ హద్దు దాటి ఒక్క బైట్ చదివినా కేకేసి ఆపేస్తుంది. దానికి ఫజర్‌ని జతచేసి లక్షల తప్పుడు ప్యాకెట్లు పంపితే, ఇలాంటి తీసివేత లోపం దొరకడానికి అవకాశం ఎక్కువ. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఇది రోజువారీ పని. ఫర్మ్‌వేర్‌ని అలా నడపడం కష్టం, దానికి చిప్ కావాలి, బోర్డు కావాలి. ఆ కష్టం తీర్చడానికే ఫర్మ్‌వేర్ కోడ్‌ని మామూలు పీసీలో ఫజ్ చేసే పనిముట్టు ఒకటి, హెచ్‌బీఎఫ్‌ఏ అని, టియానోకోర్ దగ్గరే ఉంది. పనిముట్టు ఉన్నా ఆ తీసివేత అలాగే ఉండిపోయింది. నేనూ కోడ్ రాసినవాడినే కాబట్టి గట్టిగా అనలేను. డెడ్‌లైన్ రోజున "ఎవరు చిన్న పొడవు పంపుతారులే" అని నేను కూడా వదిలేసిన లైన్లున్నాయి.

అదే నెలలో, 2024 జనవరిలోనే, షిమ్‌కి కూడా ప్యాచ్ వచ్చింది. సెక్యూర్ బూట్‌తో లైనక్స్ లేవడానికి వాడే చిన్న ప్రోగ్రామ్ అది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే బిల్ డెమిర్కాపి కనిపెట్టిన సీవీఈ-2023-40547. హెచ్‌టీటీపీ ద్వారా బూట్ అయ్యేటప్పుడు సర్వర్ చెప్పిన ఫైల్ పొడవుని నమ్మి అంత మెమరీ తీసుకుంటుంది, వచ్చేది అంతకన్నా ఎక్కువైనా రాసేస్తుంది. 15.8 వెర్షన్లో సరిచేశారు. పిక్సీఫెయిల్‌లో ఐపీవీ6, ఇందులో హెచ్‌టీటీపీ. 1985లో బూట్‌పీ దగ్గర మొదలైన నమ్మకానికి ప్రోటోకాల్ మారినా బుద్ధి మారలేదు.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసేముందు ల్యాబ్ అన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటున్నాడు. రౌటర్ సంగతి మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ మెమో వల్ల ఆ ఏడు నాకు జీతం పెంచలేదు తమ్ముడూ" అన్నాడు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. నేను సారీ అన్నాను, ఆయన దానికేమీ అనలేదు. తర్వాత అడిగాడు, "ఇప్పుడు నువ్వు చెప్తున్న ఈ ఐపీవీ6 గొడవ, మా మెషీన్లలో ఎలగ చూడాలి?"

బయోస్‌లోకి వెళ్ళి నెట్‌వర్క్ స్టాక్ అనే మెనూ వెతకమన్నాను. అందులో ఐపీవీ4 పీఎక్స్‌ఈ, ఐపీవీ6 పీఎక్స్‌ఈ అని విడివిడిగా ఉంటాయి. ఆరోది వాడకపోతే డిసేబుల్ చెయ్యమన్నాను. ఫోన్ పెట్టకుండానే ల్యాబ్‌లోకి నడిచాడు, అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మొదటి మెషీన్లో ఆన్‌లోనే ఉంది. రెండోదాంట్లో కూడా. మిగతావి సోమవారం చూసి మెసేజ్ పెడతానన్నాడు.